కత్తి దూసేముందు ఆలోచించే హీరోలు: ముందు ఎవరి కథ పట్టుకోవాలి?

మా అక్క కొడుకు నెల్లూరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. సెలవులకి కావలి వచ్చినప్పుడు, ఇంగ్లీషు ఫ్యాంటసీ నవలలు (మంత్రాలు, మాయలోకాల కథలు) నింపిన నా బీరువా ముందు నిలబడి, "మామా, ఈ లావుపాటి పుస్తకాల్లో ఏది ముందు చదవమంటావు?" అన్నాడు. రెండు షరతులు పెట్టాడు. హీరో పుట్టుకతోనే వీరుడు కాకూడదు, అట్టాంటోళ్లని సినిమాల్లో చూసీ చూసీ మొహం మొత్తిందంట. రెండోది, వాడి బుర్రలో ఏం నడుస్తోందో మనకి తెలియాలి.

ఆ పూట నోటికొచ్చిన నాలుగు పేర్లు చెప్పి పంపించాను. తర్వాత రోజూ ఒంగోలు పోయే బండిలో కూర్చుని ఆలోచిస్తే, తప్పు క్రమంలో చెప్పానని అర్థమైంది. అందుకే ఇది రాస్తున్నా. ఇవన్నీ ఇంగ్లీషు పుస్తకాలే కాబట్టి, ఇంగ్లీషు కొంచెం తడుముకుంటూ చదివే మనలాంటివాళ్లని మనసులో పెట్టుకునే రాస్తున్నా.

ఇలాంటి పుస్తకాల గురించి ఎవరిని అడిగినా మ్యాజిక్ ఎలా పనిచేస్తుంది, యుద్ధాలు ఎన్ని, డ్రాగన్లు ఉన్నాయా లేవా అని మొదలుపెడతారు. మామూలు ఫ్యాంటసీకి ఆ లెక్క సరిపోతుంది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ సీరియళ్లు చదివిన తరానికి లోయలో తర్వాత ఏ ప్రాణి ఎదురొస్తుందన్నదే ఉత్కంఠ. హీరోకి రాత్రిళ్లు నిద్ర పట్టిందా లేదా అని ఎవరూ అడగలేదు. కానీ లోలోపల కుమిలిపోయే హీరో కథకి కొలత వేరు. కథ ఎవరు చెబుతున్నారు, అది జరిగిన ఎన్నాళ్లకి చెబుతున్నారు, వాడి ఆలోచనలకి మనం ఎంత దగ్గరగా కూర్చోవాలి అన్నవి చూసుకోవాలి. దూరం మరీ తగ్గితే కొందరికి ఊపిరాడదు. మావాడు ఏ రకమో నాకు అప్పటికి తెలియదు.

ముందుగా రాబిన్ హాబ్ రాసిన ఫార్‌సీర్ త్రయం. అసాసిన్స్ అప్రెంటిస్ 1995లో, రాయల్ అసాసిన్ 1996లో, అసాసిన్స్ క్వెస్ట్ 1997లో వచ్చాయి. హాబ్ అనేది కలం పేరు, ఆవిడ అంతకుముందు మేగన్ లిండ్‌హోమ్ పేరుతో రాసేది. మావాడి రెండు షరతులకీ అచ్చంగా అతికే పుస్తకాలు ఇవే. అయినా మొదట చదవమని ఇవ్వకూడనివి కూడా ఇవే అంటాను. కారణం చెబుతా.

హీరో పేరు ఫిట్జ్. నిజానికి అది పేరు కూడా కాదు, అక్రమ సంతానం అని చెప్పే మాట. ఆరేళ్ల పిల్లాణ్ని తల్లి తరఫు తాత తీసుకొచ్చి, వీడు మీ యువరాజు కొడుకు, ఇక మీరే సాక్కోండి అని కోట కాపలా వాళ్లకి అప్పజెప్పి వెళ్లిపోతాడు. ఆ తండ్రి పరువు పోయిందని సింహాసనం మీద హక్కు వదులుకుని, కొడుకు మొహం ఒక్కసారి కూడా చూడకుండా దూరంగా వెళ్లిపోతాడు. పిల్లాడు గుర్రపుశాల చూసుకునే బురిచ్ చేతికి వస్తాడు. మొదటి రాత్రి గడ్డిలో, ఒక ఆడకుక్క పక్కన, దాని కూనతో కలిసి పడుకుంటాడు. కొన్నాళ్లకి ముసలి రాజు వీణ్ని గమనించి, ఊరికే వదిలేస్తే రేపు ఎవరో ఒకరు ఆయుధంగా వాడుకుంటారు, అదేదో మనమే చేసుకుందామని రహస్యంగా హంతకుడి విద్య నేర్పిస్తాడు.

ఇదంతా పెద్దవాడైపోయిన ఫిట్జ్ కూర్చుని రాస్తూ ఉంటాడు. రాజ్యం చరిత్ర రాయబోయి, కలం తన గోడు వైపు జారిపోతుంటే చేతులెత్తేస్తాడు. ఈ పుస్తకాల బలమంతా అక్కడే ఉంది. పదిహేనేళ్ల కుర్రాడు ఏదో తెలివితక్కువ పని చేస్తుంటే, దాని ఫలితం తెలిసిన పెద్దవాడు పక్కనే నిలబడి మౌనంగా చూస్తున్నట్టు ఉంటుంది. మనం వద్దురా అనుకుంటూనే ఉంటాం, వాడు చేస్తూనే ఉంటాడు.

ఇందులో రెండు రకాల శక్తులు. స్కిల్ అనేది రాజవంశానికి దక్కే విద్య, దానికి గౌరవం. విట్ అనేది జంతువులతో మనసు కలిసే గుణం. అది ఉందని తెలిస్తే జనం అసహ్యించుకుంటారు, చంపేస్తారు కూడా. ఫిట్జ్‌కి రెండూ ఉన్నాయి. పైకి చెప్పుకోదగ్గది సరిగ్గా పనిచెయ్యదు, దాచుకోవాల్సిందే ప్రాణానికి ప్రాణమై కూర్చుంటుంది. ఇంట్లో ఒకలాగా, వీధిలో ఒకలాగా బతకాల్సి వచ్చినవాళ్లకి ఈ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు.

శత్రువుల సంగతి కూడా చెప్పాలి. ఎర్ర ఓడల్లో వచ్చే దొంగలు ఒక ఊరి జనాన్ని పట్టుకుపోయి, డబ్బు ఇవ్వకపోతే వీళ్లని వెనక్కి పంపించేస్తాం అని బెదిరిస్తారు. చంపేస్తాం అని కాదు! ఇదేం బెదిరింపు అనుకుంటాం. తిరిగొచ్చినవాళ్లని చూశాక అర్థమవుతుంది. మనుషులు వాళ్లే గానీ లోపల ప్రేమ, సిగ్గు, జాలి ఏవీ మిగలవు. నేను ఆ అధ్యాయం చదువుతుంటే సింగరాయకొండ ఎప్పుడు దాటిందో తెలియలేదు.

మరి మొదట ఎందుకు వద్దంటున్నా? హాబ్ నింపాదిగా రాస్తుంది. మొదటి పుస్తకమే నాలుగు వందల పైచిలుకు పేజీలు, మూడోది ఏడొందలు దాటుతుంది. ఫిట్జ్‌కి వరసగా దెబ్బలే తగులుతుంటాయి, ఆవిడ వాటిని తొందరగా మానిపించదు. పైగా ఫిట్జ్ కనిపించే పుస్తకాలు తొమ్మిది, ఆ లోకం మొత్తం కలిపితే పదహారు, చివరిది 2017లో వచ్చింది. మధ్యలో వచ్చే లైవ్‌షిప్ ట్రేడర్స్ మూడింట్లో ఫిట్జ్ కథ నడవదు, వేరే ఊరు, వేరే మనుషులు. వాటిని ఎగరగొట్టి ఫిట్జ్ వెంటే పోవచ్చా అంటే, కథ అర్థమవుతుంది. కానీ తర్వాత వచ్చే కొన్ని సంగతుల రుచి పోతుంది. నేను ఎగరగొట్టి, తర్వాత వెనక్కొచ్చి చదివాను. తప్పే చేశానని ఇప్పుడనిపిస్తుంది. ఏదేమైనా మొదటి మూడూ ఒక కథగా ముగుస్తాయి, అక్కడ ఆగినా అన్యాయం ఏమీ లేదు.

దీనికి పూర్తిగా అటు కొసన ఉండేది ఉర్సులా లె గ్విన్ రాసిన ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ. 1968 నాటిది, అటూ ఇటూగా రెండు వందల పేజీలు. మొదటిసారి చదివేవాళ్లకి నేనిచ్చేది ఇదే.

గెడ్ అనే కుర్రాడు గాంట్ దీవిలో మేకలు కాసుకునేవాడు. ఏడాది నిండకముందే తల్లి చనిపోయింది. తండ్రి కంచు పని చేసేవాడు, కొడుకుతో మాటా మంతీ తక్కువ. కుర్రాడిలో మంత్రశక్తి ఉందని తెలుస్తుంది, దాంతోపాటే పొగరూ పెరుగుతుంది. మంత్రవిద్య నేర్పే బడిలో ఇంకో కుర్రాడితో పంతానికి పోయి చెయ్యకూడని పని చేస్తాడు. దాంతో ఒక నీడ ఈ లోకంలోకి జొరబడి వాడి వెంట పడుతుంది. మిగతా కథంతా ఆ నీడ నుంచి పారిపోవడం, తర్వాత దాన్నే వెతుక్కుంటూ పోవడం.

ఇక్కడ లె గ్విన్ చేసే పని హాబ్ చేసేదానికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. గెడ్ తన బాధ గురించి పేజీలు పేజీలు చెప్పుకోడు. అసలు మాట్లాడేదే తక్కువ. వాడి లోపల ఉన్నదంతా బయట నీడై తిరుగుతూ ఉంటుంది, మనం దాన్ని చూసి వాణ్ని తెలుసుకుంటాం. కుర్రాడి మొదటి గురువు ఓజియన్. వానని మళ్లించగల మాంత్రికుడై ఉండి కూడా, వానొస్తే కురవనిచ్చి చెట్టు కింద పడుకుంటాడు. చదువు ఎప్పుడు మొదలవుతుందని శిష్యుడు అడిగితే, మొదలైపోయిందిగా అంటాడు. మన జిల్లా వాళ్లం వాన కోసం ఆశ్వయుజం, కార్తీకం దాకా ఆకాశం వంక చూసేవాళ్లం కదా, మబ్బుని పొమ్మనగలిగీ అననివాడు ఎందుకు గొప్పవాడో మనకి ఇట్టే తెలుస్తుంది. గెడ్‌కి మాత్రం చాలాకాలం తెలియదు.

ఇంకో సంగతి. గెడ్ ఎర్రటి గోధుమరంగు మనిషి, అక్కడ తెల్లవాళ్లే బయటి జాతి. 2004లో టీవీ సిరీస్‌గా తీసినప్పుడు తెల్లవాణ్ని పెడితే లె గ్విన్ బహిరంగంగానే మండిపడింది. చదివేటప్పుడు గెడ్ ముఖాన్ని మా కావలి దగ్గరి తుమ్మలపెంట తీరంలో కుర్రాడిలాగో ఊహించుకుంటే తప్పేమీ లేదు. కథంతా సముద్రం, దీవులు, చిన్న పడవలే కాబట్టి తీరం మనుషులకి ఇంకా దగ్గరగా ఉంటుంది.

ఇంగ్లీషు మాటకొస్తే, లె గ్విన్ వాక్యాలు చిన్నవిగానే కనిపిస్తాయి గానీ బరువుగా ఉంటాయి. పాత కథ చెబుతున్న ముసలాయన గొంతు అది. మొదటి ఇరవై పేజీలు నెమ్మదిగా, కుదిరితే పైకి చదివితే దారిన పడతారు. ఒక్క హెచ్చరిక: సంభాషణలు ఎక్కువగా కావాలనేవాళ్లకి పొడిగా అనిపిస్తుంది. 1971, 1972ల్లో వచ్చిన రెండు, మూడు భాగాలు కూడా చిన్నవే. నాలుగోది టెహాను 1990లో వచ్చింది. అది మాత్రం పాతికేళ్లలోపు వాళ్లకి ఇవ్వను. శక్తి పోయాక మగవాడికి ఏం మిగులుతుందన్నది ఆ పుస్తకం. నేను ముప్ఫైల్లో ఒకసారి, నలభై దాటాక ఒకసారి చదివాను, రెండూ ఒకే పుస్తకంలా లేవు.

ఇప్పుడు మూడోది, కొత్తది. క్యాథరిన్ ఆడిసన్ రాసిన ది గాబ్లిన్ ఎంపరర్, 2014. సిరీస్ గొడవ లేకుండా ఒక్క పుస్తకంతో కథ పూర్తవుతుంది. చక్రవర్తి, ముగ్గురు పెద్ద కొడుకులు ఆకాశనౌక కూలి చనిపోతారు. మిగిలింది నాలుగో కొడుకు మాయా. పద్దెనిమిదేళ్లవాడు. తల్లి గాబ్లిన్ అనే వేరే జాతి మనిషి కాబట్టి తండ్రికి గిట్టక దూరంగా ఒక పాడుబడ్డ ఇంట్లో, కొట్టే సంరక్షకుడి కింద పెరిగాడు. అలాంటివాణ్ని అర్ధరాత్రి నిద్రలేపి నువ్వే చక్రవర్తివంటారు.

యుద్ధాలు లేవు. కుర్రాడు సభలో కూర్చుని, ఎవరికి ఎలా బదులివ్వాలో తెలియక, తనని కొట్టినవాడిలా తాను కాకూడదని ప్రతి పూటా తనతో తాను పోరాడుతుంటాడు. మావాడైతే "హీరో అనేవాడు ఒక్కణ్ని కూడా కొట్టడేంది మామా" అంటాడని నాకు తెలుసు. కానీ తెలుగువాళ్లకి ఈ పుస్తకంలో ఒక సౌకర్యం ఉంది, ఇంగ్లీషువాళ్లకి లేనిది. ఆ రాజ్యపు భాషలో మర్యాదగా మాట్లాడటం వేరు, చనువుగా మాట్లాడటం వేరు. చనువు మాటకి రచయిత్రి పాతకాలపు 'దౌ' (thou, అంటే 'నువ్వు') వాడింది, మర్యాద మాటకి 'నేను' బదులు 'మేము' వాడింది. ఇంగ్లీషు పాఠకులు ఇక్కడ తడబడతారు. మనం పుట్టినప్పట్నుంచీ నువ్వు, మీరు, తమరు మధ్య నడిచేవాళ్లమే కదా. మాయా ఒకచోట మర్యాద వదిలి చనువులోకి జారితే, అదెంత పెద్ద సంగతో మనకి చెవిన పడగానే తెలుస్తుంది.

చిక్కల్లా పేర్లతోనే. నోరు తిరగని పేర్లు, ఆడవాళ్లకి ఒక రకం ముగింపు, మగవాళ్లకి ఇంకో రకం. పుస్తకంలో పేర్ల పట్టిక ఉంది. అట్టముక్క ఒకటి అక్కడ పెట్టుకుని చదవండి. కిండిల్‌లో అయితే వెనక్కీ ముందుకీ పోవడం చిరాకు కాబట్టి ఈ ఒక్క పుస్తకం అచ్చులోనే కొనమంటాను. మిగతావాటికి కిండిలే మేలు. మాట మీద వేలు నొక్కిపెడితే అర్థం చెబుతుంది. డిక్షనరీ తీసే బద్ధకంతో మానేసిన పుస్తకాలు నా దగ్గరే డజను ఉన్నాయి.

ముప్ఫై అయిదు దాటినవాళ్లు అడిగితే మాత్రం ఈ మూడూ పక్కనపెట్టి లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ రాసిన ది కర్స్ ఆఫ్ చాలియన్ ఇస్తా. 2001లో వచ్చింది. హీరో కజారిల్‌కి ముప్ఫై అయిదేళ్లు, చూడటానికి ముసలివాడు. యుద్ధం చేసి, బానిసగా తెడ్డు లాగి, వీపంతా మచ్చలతో నడుచుకుంటూ వస్తాడు. ఒకప్పుడు కొలువు చేసిన ఇంట్లో వంటింటి మూల చోటు దొరికితే చాలనుకుంటాడు. అది కూడా దొరకనివ్వరు, పెద్ద పని అంటగడతారు. అలసిపోయిన మనిషి ధైర్యం ఎలా ఉంటుందో నాకు ఇంత బాగా ఎవరూ చూపించలేదు. ఇరవై ఏళ్ల మేనల్లుడికి అది ఇప్పుడే అక్కర్లేదు.

టోల్కీన్ రాసిన లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సంగతి అందరూ అడుగుతారు. సినిమా చూశాంగా, పుస్తకం ఎందుకని. అందులో హీరో ఫ్రోడో కోసమైతే చదవండి. పుస్తకంలో ప్రయాణం మొదలయ్యేసరికి వాడికి యాభై ఏళ్లు, సినిమాలో కుర్రాడు. చివర్లో ఫ్రోడో, వాడి ముగ్గురు స్నేహితులూ ఊరికి తిరిగొస్తే ఊరే చెడిపోయి ఉంటుంది. అక్కడ మళ్లీ పోరాటం జరుగుతుంటే ఫ్రోడో కత్తి పట్టడు, చంపొద్దని అడ్డుపడుతుంటాడు. ఆ అధ్యాయం సినిమాలో లేదు. నా దృష్టిలో ఫ్రోడో లోపల ఏం జరిగిందో తెలిసేది అక్కడే. కానీ మనసు చదవడమే ప్రధానం అనుకుంటే టోల్కీన్ దానికి కలం అంతగా పెట్టడు. దారి, కొండలు, పాటలు చాలా ఉంటాయి. ఓపిక ఉన్నవాళ్లకి ఓకే.

స్టీఫెన్ డొనాల్డ్‌సన్ రాసిన థామస్ కొవెనెంట్ కథ 1977లో మొదలైంది. హీరో కుష్ఠురోగి. భార్య వదిలేసి, ఊరు వెలివేసిన రచయిత. డొనాల్డ్‌సన్ తండ్రి మన దేశంలో కుష్ఠురోగులకి వైద్యం చేసిన డాక్టరు, డొనాల్డ్‌సన్ చిన్నతనం ఇక్కడే గడిచింది. అందుకే ఆ రోగం గురించి రాసిన పేజీలు గుండెలో గుచ్చుకుంటాయి. అయితే కొత్త లోకంలోకి వెళ్లిన కాసేపటికే హీరో ఒక అమ్మాయి మీద అత్యాచారం చేస్తాడు. తర్వాత పుస్తకాలన్నీ ఆ నేరం బరువు కిందే నడుస్తాయి. చెప్పకుండా ఎవరికీ ఇవ్వకూడని పుస్తకం. నేను రెండో భాగం దాకా వెళ్లి ఆపేశాను.

ప్యాట్రిక్ రోత్‌ఫస్ సిరీస్ మీద మోజు పడేవాళ్లు చాలామంది. మొదటిది 2007లో, రెండోది 2011లో వచ్చాయి, మూడోదాని కోసం పాఠకులు ఇంకా కాచుకుని ఉన్నారు. భాష అందంగా ఉంటుంది, కానీ ఆ హీరో ఆత్మవిమర్శ కంటే ఆత్మస్తుతి ఎక్కువ చేస్తాడు. పెళ్లిభోజనానికి పిలిచి పెరుగు వడ్డించకుండా లేపినట్టుంటుందని తెలిసే కూర్చోవాలి. వీల్ ఆఫ్ టైమ్ పద్నాలుగు పుస్తకాలు. మధ్యలో రచయిత కన్నుమూస్తే ఇంకొకరు పూర్తి చేశారు. మొదటి సిరీస్‌గా ఎవరికీ చెప్పను.

గెలిచి కూడా కుమిలిపోయే హీరో ఏదో పడమటి సరుకు అనుకునేవాళ్లకి ఒక మాట. మన నెల్లూరు తిక్కన విరాటపర్వం నుంచి చివరి దాకా పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. అందులో శాంతిపర్వం మొదట్లో, యుద్ధం గెలిచిన ధర్మరాజు ఈ రాజ్యం నాకొద్దు, అడవికి పోతా అంటాడు. తమ్ముళ్లు, ద్రౌపది, కృష్ణుడు, వ్యాసుడు ఇంతమంది కూర్చుని సముదాయించాలి. అనుకోని హీరో కావాలంటే విరాటపర్వంలో ఉత్తరకుమారుడు ఉండనే ఉన్నాడు. కోతలు కోసి, కౌరవసేనని చూడగానే రథం దిగి పరుగెత్తినవాడు. ఈ ఇద్దరి మీదా మీకు జాలి పుట్టి ఉంటే ఫిట్జ్, మాయా మీకు కొత్తవాళ్లు కారు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. రాయల్ అసాసిన్ నేను ఫుట్‌పాత్ మీద చౌకగా కొన్నాను. పైరసీ కాపీ అని తెలుసు, ఏమవుతుందిలే అనుకున్నా. మంచి పట్టులో ఉండగా ముప్ఫై రెండు పేజీలు రెండోసారి వచ్చాయి, ఆ తర్వాత ఉండాల్సిన ముప్ఫై రెండు లేవు. మూడు రోజులు ఫిట్జ్ ఏమయ్యాడో తెలియక టెన్షన్. చివరికి అసలు కాపీ కూడా కొనాల్సి వచ్చింది. ఎక్కడ కొన్నా పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో ఒకసారి తిప్పి చూసుకోండి.

మేనల్లుడికి ఫోన్ చేసి ఇప్పుడు చెప్పిన క్రమం చెప్పాను. ముందు ఎర్త్‌సీ, అది నచ్చితే గాబ్లిన్ ఎంపరర్, దసరా సెలవులకి ఫిట్జ్ అని. ఎర్త్‌సీ నచ్చకపోతే? మాటలు తక్కువై నచ్చకపోతే నేరుగా ఫిట్జ్ దగ్గరికి పోవచ్చు, దిగులుగా ఉండి నచ్చకపోతే మాత్రం ఫిట్జ్ జోలికి అసలు పోవద్దు అన్నాను. "సరే మామా" అన్నాడు బుద్ధిగా.

నిన్న రాత్రి పదకొండున్నరకి మళ్లీ ఫోన్. ఆ టైముకి మోగితే ఇంట్లో అందరికీ గుండె జారుతుంది. అక్కకి ఏమైనా అయిందేమోనని కంగారుగా ఎత్తాను.

"మామా, బురిచ్ ఆ కుక్కపిల్లని యాడికి తీసకపోయినాడు?"

"ముందు ఎర్త్‌సీ చదవమన్నాను కదరా."

"అది తర్వాత చదువుతాలే. చంపేశాడా? అదొక్కటీ చెప్పు."

"చదువు" అని ఫోన్ పెట్టేశా.